పాలు విరిగితే తప్పెవరిది?

ఎండలు ముదిరాయంటే మా తిరువూరులో ఏ ఇంట చూసినా ఒకటే గోల, "పాలు విరిగాయమ్మా!" అని. మా ఇంట్లోనూ వరసగా మూడు రోజులు విరిగాయి. నాలుగోనాడు పాలు పోసే ఆమెను గుమ్మంలోనే నిలదీశాను, "ఏం కలుపుతున్నావమ్మా?" అని. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చుక్క నీళ్ళు కలపలేదమ్మగారూ! నిన్న సెంటర్లోనూ క్యాను తిప్పి పంపారు. దాణా డబ్బులు కూడా దక్కలేదు" అంది.

నా మనసు చివుక్కుమంది. ఆమె వెంటే పాక దాకా వెళ్ళి చూశాను. క్యాను మూత వదులై, పాలు ఒలక్కుండా చుట్టూ పాతగుడ్డ కుక్కుతోంది. ఆ గుడ్డ వాసన చూస్తే పులుపు! అసలు దొంగ దొరికింది.

ఆరోగ్యమైన గేదె పొదుగులో పాలకు సూక్ష్మజీవుల బెడద బహుతక్కువ. అవి చేరేదల్లా బయటే. పిండేవారి చేతులు, పొదుగుకంటిన పేడ, గిన్నె, వడకట్టే గుడ్డ, అన్నీ దారులే. గోరువెచ్చని పాలల్లో అరగంటకోసారి రెట్టింపైనా, ఒక్కటి అయిదు గంటల్లో వెయ్యి దాటుతుంది. అవి పాలల్లోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. చూపుకి బాగున్న పాలే పొయ్యెక్కగానే విరుగుతాయి. 4 డిగ్రీలకు చల్లబరిస్తే వాటి జోరు తగ్గుతుంది. విజయవాడ మనకి 70 కిలోమీటర్ల పైమాటే కదా! దారిలో పాలు నిలవాలంటే ముందుగా చల్లబరచాల్సిందే.

డెయిరీల్లో ఓ తమాషా పరీక్ష ఉంది. 10 మిల్లీలీటర్ల పాలల్లో 1 మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు ద్రావణం వేసి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. రంగు 5 గంటలు నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటలోపే తెల్లబడితే నాసిరకం.

ఇవి గుర్తుంచుకోండి:

* పిండేముందు చేతులు సబ్బుతో, పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి.
* మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసి చూడాలి. విరుగుళ్ళో, రక్తపు జీరో కనిపిస్తే పొదుగువాపు కావచ్చు. ఆ పాలు కలపకూడదు.
* క్యాను ముందు చన్నీళ్ళతో తొలిచి, తర్వాత చాకలి సోడా వేసిన వేడినీళ్ళతో తోమి, మంచినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాలి. ముందే వేడినీళ్ళు పోస్తే పాలజిడ్డు అంటుకుపోతుంది.
* రాత్రి పాలు పొద్దుటి పాలల్లో కలపకండి.
* పాలు రాగానే కాచండి. పొంగాక మంట తగ్గించి, కలుపుతూ రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.
* పచ్చిపాలు పిల్లలకు పట్టకండి. క్షయ, బ్రూసెల్లా జ్వరం లాంటివి పాల ద్వారానూ వస్తాయి.

ఆమె చేత గుడ్డ పారేయించి, రబ్బరు రింగున్న మూత కొనిచ్చాను. వారం తిరిగాక, "క్యాను ఒక్కసారీ తిరిగి రాలేదమ్మగారూ!" అంటూ నవ్వుతూ వచ్చింది. ఆ రోజు నేనన్న మాటకి ఏమీ అనుకోవద్దని చెప్పుకున్నాను. పాలు విరిగితే మళ్ళీ పోయించుకుంటాం, మనసు విరిగితేనో?