పశువుల మందు - ప్రజల ముప్పు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేర్వేఱు జిల్లాలైనవి. సరిహద్దులు మాఱినను పల్లెల జీవనము మాఱలేదు. అచట సేద్య మొక కన్ను, పశుసంపద రెండవ కన్ను. 2019వ సంవత్సరపు పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణము దేశమున ప్రథమస్థానము నొందినది; ఆ సంఖ్య ఇంచుమించు 1 కోటి 90 లక్షలు. ఇంతటి సంపదకు వైద్యము సక్రమముగ జరుగుచున్నదా యని విచారించుట పశువుల కొఱకు మాత్రమే కాదు, మన ప్రాణముల కొఱకును.

యాంటీబయాటిక్కుల చరిత్రలో ఆంధ్రులకు గౌరవస్థానము గలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థయందు పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలముననే ఆరియోమైసిన్ వెలువడినది. 1948లో ఆ మందు లోకమునకు ప్రకటింపబడినది. ఆ యేటనే ఆయన కీర్తిశేషులైరి. మందు తీయగా మిగిలిన పిప్పిని మేసిన కోడిపిల్లలు త్వరితముగ పెరుగుచున్నవని అనతికాలముననే అచటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నాటినుండి రోగము లేని జీవికిని మందు మేతయైనది.

చాలీచాలని మోతాదున మందు వాడినచో సూక్ష్మజీవులు దానిని ధిక్కరింప నేర్చునని పెన్సిలినును కనుగొన్న ఫ్లెమింగు 1945లోనే హెచ్చరించెను. దుర్బలములైన క్రిములు నశించును. బలిష్ఠములు మిగిలి వృద్ధినొందును. అంతియ కాదు, ఒక జాతి క్రిములు తమ నిరోధశక్తిని వేఱొక జాతికిని అందీయగలవు. పశువు ప్రేగులనుండి పెంటకును, పెంటనుండి చేనికిని చెఱువునకును, మాంసము కోయు కత్తినుండి వంటయింటికిని అవి పయనించును. పొలమున మంద నిలిపి ఎరువు చేయించుకొనుట మన పెద్దల మంచి పద్ధతియే. కాని మందలో మందు మితిమీఱినచో ఆ యెరువుతోడనే మొండి క్రిములును పొలమున దిగును.

ఇది వట్టి యూహ కాదు. ఇతరౌషధములు విఫలమైనపుడు వైద్యులు చేపట్టు తుది యాయుధములలో కొలిస్టిన్ ఒకటి. ఆ మందును ధిక్కరించు శక్తి క్రిమినుండి క్రిమికి సంక్రమించుచున్నదని 2015లో చైనాయందు బయల్పడెను. పందులలోను, మాంసములోను, రోగులలోను అది కానవచ్చెను. ఆహారమున కుపయోగించు జంతువులకును, కోళ్లకును, చేపలకును దాని వాడుకను మన కేంద్రప్రభుత్వము 2019 జూలైలో నిషేధించినది. ఇది శ్లాఘనీయమే. కాని ఒక్క మందును కట్టడి చేసినంతమాత్రమున తక్కిన మందుల దుర్వినియోగ మాగునా? మందులకు లొంగని క్రిముల వలన 2019లో ప్రపంచమున 12 లక్షల 70 వేలమంది మృతినొందిరని శాస్త్రజ్ఞుల యంచనా.

తప్పంతయు రైతుపై మోపుట న్యాయము కాదు. మంద కూలిన కాపరి కుటుంబమే కూలును. పశువైద్యుడు దూరమున నున్నపుడు అంగడిలో దొరకిన సూదిమందే వానికి దిక్కు. అయినను నీలినాలుక, గాలికుంటు వంటి వ్యాధులు వైరసు వలన గలుగునవి. ఆ వైరసుపై యాంటీబయాటిక్కులు పనిచేయవు. టీకాయే రక్ష. చిటుకు వ్యాధికిని వానలకు ముందు వేయించు టీకా గలదు. రోగము వచ్చిన పిదప వరుసగ సూదులు పొడిపించుటకంటె ఇది చవుక.

మందు వేసిన పిదప ఎన్ని దినములు పాలు, మాంసము వాడరాదో సీసాపై తెలుపవలెనని 2012 నుండి నియమము గలదు. వేఱుగ నిర్ణయింపబడనిచో పాలకును గ్రుడ్లకును కనీసము 7 దినములు, మాంసమునకు 28 దినములు. పొదుగువాపునకు సూది వేయించిన గేదెపాలను మఱునాడే పట్టణమునకు పంపుట ఈ నియమమును కాలరాచుటయే. కాచినంతనే పాలలోని మందు పోవునని తలపరాదు.

ప్రభుత్వము టీకాలను సకాలమున పల్లెలకు చేర్పవలయును. వరంగల్లు చెంత మామునూరునగల పశువైద్యకళాశాలను ఈ మూడు జిల్లాల ఆసుపత్రులతో జోడించి, పశువులలోను మనుష్యులలోను ఏ మందు పనిచేయుచున్నదో, ఏది పనిచేయుట మానినదో పరీక్షింపించి ఏటేట ప్రకటింపవలయును. పాడియు మందలును గల భూస్వాములు మందు వేసిన తేదీని చిట్టాలో వ్రాయించి, గడువు తీఱువఱకు ఆ పాలను అమ్మకుండుటకు తామే ముందు పూనుకొనవలెను. పట్టణవాసులు కొనునపుడు ఆ మాట అడుగవలెను. మన కోడికి నిష్కారణముగ మేపిన మందే రేపు మన బిడ్డ జ్వరమునకు పనిచేయకపోవచ్చును. ఆ దినము రాకముందే మేల్కొనుట మన విధి.