డొమియాసియాట్: తవ్వి వదిలిన కొండ

మేఘాలయ దక్షిణ ప్రాంతంలో, బంగ్లాదేశ్ సరిహద్దుకు చేరువగా ఉన్న డొమియాసియాట్ కొండల్లో యురేనియం ఉన్నట్లు కేంద్ర అణు ఖనిజాల అన్వేషణ విభాగం 1984లో కనుగొన్నది. మహాదేక్ ఇసుకరాతి పొరల్లో సుమారు 92 లక్షల టన్నుల ముడి ఖనిజం ఉన్నట్లు అంచనా వేశారు. బోర్లు వేశారు, ప్రయోగాత్మకంగా కొంత తవ్వకమూ సాగించారు. ఖాసీ ప్రజల ప్రతిఘటనతో 1990లలో ఆ పని ఆగిపోయింది.

ఆ ఖనిజంలో యురేనియం పాలు దాదాపు 0.1 శాతమే. అంటే టన్ను రాయిని పొడి చేస్తే దక్కేది కిలోకు అటూ ఇటూ. మిగిలినదంతా ఆ కొండలమీదే పోగుపడవలసిన వ్యర్థం. దేశంలోనే అత్యధిక వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటైన ఆ సీమలో ఏటా 3,75,000 టన్నుల ఖనిజాన్ని తవ్వే బహిరంగ గనికి 2007లో పర్యావరణ అనుమతి లభించింది! భూమి వంశాలకు, సముదాయాలకు చెందివుండే ఆ కొండల్లో స్పిలిటీ లింగ్డో లాంగ్రిన్ అనే వృద్ధురాలు కోట్ల రూపాయల కౌలును తిరస్కరించి, 2020లో మరణించేవరకు ఆ మాటపైనే నిలిచారు. గనికి ముందస్తు పనుల నిమిత్తం భూమి కేటాయిస్తూ 2009లో తీసుకున్న నిర్ణయాన్ని రాష్ట్ర ప్రభుత్వమే 2016లో రద్దు చేసుకున్నది.

అయినా అన్వేషణ మిగిల్చినవి అక్కడే ఉన్నాయి. వ్యర్థ జలాలు నిల్వచేసిన కాంక్రీటు తొట్లకు పగుళ్లు పడ్డాయని 2020లో ఖాసీ విద్యార్థి సంఘం ఆరోపించగా ప్రభుత్వం విచారణకు ఆదేశించవలసివచ్చింది. గని రానేలేదు కనుక గనిని మూసివేసే బాధ్యతా ఎవరికీ లేదన్నట్లున్నది వ్యవహారం.

ఈ స్థితిలో అణు, కీలక ఖనిజాల గనులను ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు విపరీతమైనది. అణు విద్యుత్తుకు ఇంధనం కావలసిందే. అయితే గ్రామస్థుల నోరు నొక్కినంత మాత్రాన ఖనిజం బయటికి రాదని డొమియాసియాట్ అనుభవమే చెబుతున్నది. అన్వేషణ విభాగం ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ 2019లో తీర్మానం చేసింది. అందువల్ల ఇది తెలుగువారికి దూరపు గొడవ కాదు. కేంద్రం ముందుగా ఆ ఉత్తర్వును ఉపసంహరించుకోవాలి. డొమియాసియాట్ పరిసరాల నీటిని, మట్టిని స్వతంత్ర నిపుణులచేత పరీక్షింపజేసి, ఫలితాలను ఖాసీ భాషలో ఆ గ్రామాలకు అందజేయాలి.