వేరు చేయబడిన నేల

జగదల్‌పూర్ నుండి కోంటా మీదుగా తెలుగునాటికి దిగివచ్చే రహదారిపై, దర్భా కొండలు దాటిన పిమ్మట తోంగ్‌పాల్ వస్తుంది. ఆ ప్రాంతమున ధుర్వా జనులు అధికం. వారు మాట్లాడే పర్జీ ద్రావిడ భాషా కుటుంబానికి చెందినదే. తెలుగుకు దూరపు చుట్టమని చెప్పవచ్చును. గ్రామదేవతకూ, గతించిన పెద్దలకూ, వారిని దాచుకున్న నేలకూ మధ్య ఈ పల్లెలలో గాఢమైన బంధమున్నది. ఆ నేలలో ఎవరికి చోటున్నదన్న ప్రశ్న 2025 జనవరిలో దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది.

తోంగ్‌పాల్‌కు ఉత్తరాన, దర్భా ప్రాంతంలోని ఛింద్‌వాడా గ్రామంలో ఆ నెల 7వ తేదీన ఒక క్రైస్తవ బోధకుడు మరణించాడు. తమ పెద్దలు నిద్రిస్తున్న గ్రామ శ్మశానంలోనే ఆయననూ ఉంచాలని కుటుంబం కోరింది. గ్రామస్థులు అంగీకరించలేదు. దేహం జగదల్‌పూర్ శవాగారంలో ఉండిపోయింది. కుమారుడు మొదట హైకోర్టుకు, అక్కడినుండి సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 27వ తేదీన ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా తీర్పు చెప్పారు. కుటుంబపు సొంత పొలంలో ఖననం చేసుకోనిమ్మన్నారు జస్టిస్ నాగరత్న. క్రైస్తవులకు ప్రత్యేకించిన స్థలంలోనే చేయాలన్నారు జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. అప్పటికి ఇరవై రోజులైనది. విషయాన్ని మరింత పెద్ద ధర్మాసనానికి పంపి ఆ దేహాన్ని ఇంకా నిరీక్షింపజేయడం తగదని, రాజ్యాంగపు 142వ అధికరణం ననుసరించి, 20-25 కిలోమీటర్ల దూరాన కర్కాపాల్‌లో ఖననం జరపమని ఆదేశించారు.

వేరు స్థలం. ఈ 'వేరు' అన్న మాట వద్ద కొంత ఆగవలసి ఉన్నది. తెలుగు బైబిలులో 'పరిశుద్ధము' అని వచ్చేచోట హెబ్రీలో ఉన్నది 'కాదోష్'. ప్రత్యేకింపబడినది, వేరుగా నిలిచినది అన్న భావం దానిలో ఉన్నది. దేవుడు పరిశుద్ధుడనగా సృష్టిలోని దేనితోనూ పోల్చరానివాడని. కాని అదే మాట మానవుని చేతిలో పడినప్పుడు సులువుగా గోడ అవుతుంది. ఆ గోడను ఒక్క పక్షమే కట్టదు. తమ పెద్దల నేల మైలపడునని గ్రామం భయపడుతుంది. గ్రామపు జాతరకు దూరమై నిలిచిన కొత్త విశ్వాసి, ఆ దూరమే పరిశుద్ధత అని భ్రమపడుతాడు.

యెషయా ప్రవక్త కథ ఇందుకు భిన్నంగా నడుస్తుంది. ఉజ్జియా రాజు మరణించిన సంవత్సరం. దేవాలయంలో ప్రవక్తకు దర్శనమైనది; సెరాపులు దేవుని పరిశుద్ధతను ముమ్మారు ఘోషిస్తున్నారు. అంతటి మహిమ ఎదుట అతనికి మొదట కనబడినది ఇతరుల మైల కాదు, తన పెదవుల మైల. తాను అటువంటి జనుల నడుమనే నివసిస్తున్నానని కూడా ఒప్పుకున్నాడు. వారినుండి తనను మినహాయించుకోలేదు. బలిపీఠం మీది నిప్పు అతని నోటిని తాకింది. ఇక్కడ పరిశుద్ధతే వచ్చి అపవిత్రతను ముట్టుకున్నది! ఆ తరువాత అతనిని గుడిలో కూర్చోనివ్వలేదు. ఆ జనుల వద్దకే పంపినారు.

తెలుగునాట ఈ క్రమాన్ని అక్షరాలా తీసుకున్నవాడు డోర్నకల్ బిషప్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు, 1909లో డోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో కలకత్తాలో అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయినాడు. ఆయన మందలో అధికులు మాల, మాదిగ కూలీలు. బాప్తిస్మం పొందిన ప్రతివాని చేతిని వాని శిరస్సు మీదనే ఉంచి, తాను సువార్త చెప్పకుండిన తనకు శ్రమ అని పలికించేవాడట. నిన్నటివరకు గుడి గడప తొక్కనీయని వానిని, నేడు ఒక సందేశం మోసే మనిషిగా నిలబెట్టడమది. 1939లో ప్రతిష్ఠితమైన డోర్నకల్ దేవాలయానికి మసీదును తలపించే గుమ్మటాలు, హిందూ ఆలయపు తీరున స్తంభాలు కట్టించడంలోనూ ఆ మనసే కనబడుతుంది. ఆరాధన ఊరికి పరాయిది కారాదు.

అయితే ఒకే పాత్రలోని ద్రాక్షారసం పంచుకున్నవారి నడుమ కులం కరిగిపోయిందా? పూర్తిగా కరిగిందని ఎవరూ అనలేరు. మాల, మాదిగల పాత ఎడం సంఘంలోకీ వచ్చింది. ఆరాధన మంత్రం కాదు మరి. నిప్పు తాకడానికి పెదవి చాచవలసి ఉన్నది. అది ప్రతి వారమూ చేయవలసిన పని.

దర్భా అడవి అంచున ఇప్పుడు ఆ పని మరీ కఠినమైనది. కర్కాపాల్‌లో ఒక సమాధి ఉన్నది. దానిని చూడడానికి కుటుంబం ప్రతిసారీ ఊరు విడిచి వెళ్ళాలి. తిరిగివచ్చేది మాత్రం చోటివ్వమన్న పొరుగువారి నడుమకే. ఆదివారం ప్రార్థనలో ఆ పొరుగువారి పేర్లు ఏ మాటలతో పలకాలో వారే నిర్ణయించుకోవాలి.