ఎదిగిన బిడ్డకు మరో ఇల్లు

ఆంధ్రుల ప్రస్తావన తొలిసారిగా ఐతరేయ బ్రాహ్మణంలో కనిపిస్తుందని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ ప్రస్తావన ఒక దత్తత కథలో ఉన్నదన్న సంగతి మాత్రం అంతగా ప్రచారం పొందలేదు. అజీగర్తుడనే నిరుపేద తన నడిమి కొడుకు శునశ్శేపుని నూరు గోవులకు యజ్ఞపశువుగా అమ్మివేశాడు. మరో నూరింటికి యూపస్తంభానికి కట్టాడు. ఇంకో నూరింటికి వధించడానికి సైతం సిద్ధపడ్డాడు. దేవతల అనుగ్రహంతో బంధవిముక్తుడైన ఆ బాలుడు విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. కన్నతండ్రి తిరిగి రమ్మన్నా వెళ్లలేదు. విశ్వామిత్రుడు అతనిని దేవరాతుడని పిలిచి జ్యేష్ఠపుత్రుని స్థానం ఇచ్చాడు. అందుకు సమ్మతించని యాభైమంది కుమారులు తండ్రి శాపానికి గురయ్యారనీ, వారి సంతతే ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబ జాతులనీ కథ.

శాపం మాట అటుంచితే, ఇల్లు మారిన ఈ బాలుడు ఊయలలోని పసికందు కాడు, లోకం తెలిసినవాడు. తన తండ్రి ఎవరో తానే నిర్ణయించుకున్నాడు. చేరిన ఇంట అందరూ అతనిని ఆదరించనూ లేదు. ఒక దత్తకుటుంబంలో ఇమడలేకపోయిన ఎదిగిన బిడ్డకు మరో కుటుంబాన్ని వెదకవలసి వచ్చినప్పుడు నేటికీ ఎదురయ్యే చిక్కులు ఇవే.

చిరకాలం దత్తత వంశం నిలవడానికి, ఆస్తికి వారసుని చూపడానికి సాగింది. అంటే అది పెద్దల అవసరం. 2015 నాటి బాలల న్యాయచట్టం బిడ్డ హితాన్ని ముందుంచింది. అయినా దత్తత కోరేవారిలో అత్యధికులు పసిపాపలనే కోరుతారు. ఏడెనిమిదేళ్ల బిడ్డ వెంట జ్ఞాపకాలు కూడా ఇంట అడుగుపెడతాయి. కడుపునిండా తిన్న తరువాత కూడా తినుబండారాలను పరుపు కింద దాచుకోవడం, కొత్త తల్లిదండ్రుల సహనాన్ని పదేపదే పరీక్షించడం అటువంటి పిల్లలలో అరుదు కాదు. మళ్లీ వదిలివేస్తారేమోనన్న భయమే అందుకు మూలం. ఆ భయాన్ని దుర్గుణమని భ్రమించిన ఇళ్లలోనే కొన్నాళ్లకు 'వాపసు' అన్న మాట పుడుతుంది. దుకాణంలో కొన్న వస్తువుకు చెల్లే మాట అది. దానిని బిడ్డకు వాడడంతో లోపం సరుకుదైపోతుంది. సిద్ధపడకుండా తెచ్చుకున్నవారి బాధ్యత చర్చకే రాదు.

అట్లని, ప్రేమ లేని ఇంట బిడ్డను బలవంతంగా నిలపడం న్యాయం కాదు. రెండవ కుటుంబం శిక్ష కానక్కరలేదు, రక్షణ కావచ్చు. అయితే ఆ వెదకులాట ఎవరి చేతుల్లో సాగుతున్నదన్నదే కీలకం. అమెరికాలో కొందరు తల్లిదండ్రులు విదేశాల నుండి తెచ్చుకున్న పిల్లలను అంతర్జాల బృందాలలో ప్రకటనలిచ్చి, కేవలం నోటరీ పత్రంతో అపరిచితులకు అప్పగించిన వైనాన్ని 2013లో రాయిటర్స్ వార్తాసంస్థ వెలికితీసింది. ఒక్క బృందంలోనే సగటున వారానికొక బిడ్డను గురించిన ప్రకటన వెలువడింది. 2014లో విస్కాన్సిన్ రాష్ట్రం ఇటువంటి ప్రకటనలను నిషేధించింది. తాము విసిగిపోయినవారు తామే మరో ఇంటిని ఎంపిక చేయడమంటే అజీగర్తుని బేరానికి అది ఎంతో దూరం కాదు.

దేశాంతర దత్తతకు సంబంధించిన 1993 నాటి హేగ్ ఒడంబడిక ఈ స్థితిని ముందే ఊహించింది. తొలి కుటుంబం పొసగనప్పుడు అధికార సంస్థే కొత్త కుటుంబాన్ని వెదకాలనీ, వయసుకు, పరిపక్వతకు తగినట్లు బిడ్డను సంప్రదించాలనీ అది నిర్దేశిస్తుంది. భారతదేశం 2003లో దీనిని ధ్రువీకరించింది. ఈ సంప్రదింపు సంతకంతో ముగిసే తంతు కారాదు. తొలి ఇంట ఏమి జరిగిందో బిడ్డ నోట వినాలి. కొత్తవారికి ఆ సంగతులు దాచకుండా చెప్పాలి. ఆ ఇంట ముందే పిల్లలుంటే వారి మనసూ తెలుసుకోవాలి. విశ్వామిత్రుని యాభైమంది కుమారుల వంటివారు ఏ ఇంటనైనా ఉండవచ్చు. బిడ్డ పేరును తొలిరోజే మార్చివేసే ఉత్సాహం కూడా తగదు. అప్పటికి అతనికి సొంతంగా మిగిలినది ఆ పేరొక్కటే కావచ్చు.

2022 సెప్టెంబరు నుండి మన దేశంలో దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం న్యాయస్థానాల నుండి జిల్లా మేజిస్ట్రేటుకు సంక్రమించింది. ఆ తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి బిడ్డ బాగోగులు విచారించాలన్నది నియమం. పసిపాపకు ఆ గడువు సరిపోవచ్చు. ఎనిమిదో ఏట రెండవ ఇంట చేరిన బిడ్డకు అసలైన ప్రశ్నలు పదమూడో ఏట మొదలవుతాయి. అప్పటికి ఆ ఇంటి తలుపు తట్టవలసిన అధికారి లెక్కలో ఆ బిడ్డ దస్త్రం ఎప్పుడో ముగిసి ఉంటుంది.