దాచితే దాగే దత్తతా?

అల్లరి పిల్లల్ని ఏడిపించడానికి తెలుగు ఇళ్లలో పెద్దలు ఒక మాట అంటుంటారు: "నిన్ను తవుడిచ్చి కొన్నాం." పిల్ల బుంగమూతి పెట్టగానే అందరూ నవ్వుతారు, అమ్మ ఎత్తుకుంటుంది, అక్కడితో సరి. దత్తత బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు. వచ్చిన చుట్టాలకు గుమ్మంలోనే కళ్లతో సైగ చేస్తారు. వీధందరికీ తెలిసింది ఒక్క బిడ్డకే తెలియకుండా ఇంత కాపలా దేనికి? పసిమనసు నొచ్చుకుంటుందని పైకి చెబుతాం. లోపల ఉన్నది, రక్తం పంచుకుంటేనే బిడ్డ అన్న నమ్మకం. దాన్ని వదులుకోకుండానే దత్తత తెచ్చుకుంటున్నాం కాబట్టి అది దాచుకోవాల్సిన సంగతి అయి కూర్చుంది.

ఆ నమ్మకం తన లెక్కలోనే తప్పుతుంది. దత్తహోమంతో బిడ్డ గోత్రం మారుతుందని సంప్రదాయమే చెబుతోంది. గోత్రం రక్తంతో వచ్చేదైతే హోమం దాన్నెలా మారుస్తుంది? హోమంతో మారేదైతే ఇక రక్తం గొడవ ఎందుకు? పాత ధర్మశాస్త్రం కోరింది పిండం పెట్టే కొడుకుని. బిడ్డకు అమ్మానాన్నలు కావాలన్న ఆలోచన ఎక్కడో వెనక. 1956 నాటి హిందూ దత్తత చట్టం ఆడపిల్లనీ దత్తత తీసుకోవచ్చంది, హోమం జరగకపోయినా చెల్లుతుందంది, దత్తత జరిగిన రోజు నుంచి ఆమె ఆ ఇంటి బిడ్డేనంది.

మరి ఈ సంగతి బిడ్డకు చిన్నప్పుడే చెబుదామంటే, నాలుగేళ్ల పిల్లకు ఇదంతా ఏం అర్థమవుతుంది అంటారు. నిజమే, పెద్దగా అర్థం కాదు. మనస్తత్వవేత్త డేవిడ్ బ్రాడ్జిన్స్కీ 1980లలో చేసిన పరిశోధనలు చూపింది అదే: బడికి వెళ్లకముందు పిల్లలు 'దత్తత' అన్న మాట పలుకుతారే గాని భావం అందదు, ఆరేడేళ్లకు పుట్టడం వేరు, దత్తత వేరు అని తెలుస్తుంది, ఆపైన కొన్నేళ్లకు, కన్నామె నన్నెందుకు వదిలింది అన్న ప్రశ్న వస్తుంది. కాబట్టే ముందు చెప్పాలి. 'తాతయ్య' అన్న పిలుపు నేర్పేటప్పుడు నాన్నకు నాన్న అన్న వరుస పిల్లకు తెలుసా? మాట ముందు వస్తుంది, అర్థం పెరుగుతూ పోతుంది. "నువ్వు ఇంకో అమ్మ కడుపున పుట్టావు. ఆమె నిన్ను పెంచలేకపోయింది. బిడ్డ కావాలని మేం ఎదురుచూశాం, నిన్ను తెచ్చుకున్నాం. ఎప్పటికీ మా బిడ్డవే." మొదట ఇంత చాలు. ఎందుకు పెంచలేకపోయిందో తెలియకపోతే తెలియదనే చెప్పాలి. "దేవుడు నిన్ను మాకిచ్చాడు" అన్న తీపి కథ వద్దు. ఇచ్చినవాడే కన్నతల్లి నుంచి లాక్కున్నాడా అని ఎనిమిదేళ్ల బుర్ర అడుగుతుంది. తప్పు ఆ బుర్రది కాదు. "అందరిలో నిన్నే ఎంచుకున్నాం" అన్నదీ అబద్ధమే. కేంద్ర దత్తత సంస్థ కారా పద్ధతిలో వరుస వచ్చాక బిడ్డ వివరాలు చూపిస్తారు, 48 గంటల్లో సరేననాలి.

చెబితే కన్నవాళ్లను వెతుక్కుంటూ పోతుందన్న భయం ఇంకోటి. పద్దెనిమిదేళ్లు నిండాక మూలాలు తెలుసుకోవడానికి తానే దరఖాస్తు పెట్టుకునే హక్కు దత్తత నిబంధనల్లో ఉంది. తెలుసుకోవాలనుకోవడం, వదిలిపోవడం ఒకటి కావు. పైగా దాచడం సాగేపని కాదు. అమ్మానాన్నలిద్దరిదీ ఓ గ్రూపు, తనది ఏబీ అయితే ఇంటర్ బైపీసీ చదివే పిల్ల తానే పట్టుకుంటుంది. డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?" అంటే దాచిన ఇల్లు తప్పుడు జవాబే చెబుతుంది. ఇరవై ఏళ్లు దాటాక పరాయి నోటి వెంట వింటే మండేది దత్తత గురించి కాదు, ఇంటిల్లిపాదీ కలిసి ఇన్నేళ్లు ఆడిన నాటకం గురించి.

మరి చుట్టాల నోళ్లు? పెళ్లిళ్లలో "పెంపుడు పిల్లట" అని గుసగుసలాడేవాళ్లు ఉంటారు. ఆ గుసగుసకు విలువంతా పిల్లకు తెలియదన్న ధీమా వల్ల వచ్చింది. "అవునండీ, తనకూ తెలుసు" అని నాయనమ్మే మామూలుగా అనేస్తే ఆ చుట్టాలకు ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు, మళ్లీ బంగారం ధర మీదికి పోతారు.