బస్తీ దవాఖానాలో డాక్టరు నిలిచేదెలా?

హైదరాబాదులో 2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు ప్రారంభమైనప్పుడు వాటి ఉద్దేశం సామాన్యునికి సులభంగానే బోధపడింది. జ్వరానికి, దగ్గుకు కూడా గాంధీ, ఉస్మానియా, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రుల ముందు బారులు తీరవలసిన అవసరం లేకుండా, నడిచి వెళ్లేంత దూరంలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు అందుబాటులో ఉంటారు. ఢిల్లీలో 2015లో మొదలైన మొహల్లా క్లినిక్‌లు ఇందుకు స్ఫూర్తి. ఐదు నుంచి పదివేల జనాభాకు ఒకటి, నాటి 150 వార్డులలో వార్డుకు రెండు అన్నది లక్ష్యం. కమ్యూనిటీ హాళ్లలో, పురపాలక భవనాలలో గదులు సిద్ధమయ్యాయి. అక్కడ సేకరించిన రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాలకు చేరుతాయి, ఫలితాలు ఫోనుకే వస్తాయి. ఇవన్నీ చెప్పుకోదగిన ఏర్పాట్లే.

అయితే గది కట్టినంత తేలికగా గదిలోని కుర్చీ నిండదు. ఈ దవాఖానాలలో పనిచేసే వైద్యులు ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిపై నియమితులైనవారే. ఎంబీబీఎస్ పూర్తిచేసి, పీజీ నీట్‌కు చదువుకుంటున్న యువతీ యువకులు వారిలో చాలామంది. సీటు రాగానే వెళ్లిపోతారు. వారిని తప్పుపట్టలేము. పదోన్నతి లేని ఉద్యోగంలో, ఏటేటా పొడిగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ, ఒక చురుకైన వైద్యుడు పదేళ్లు కూర్చుంటాడనుకోవడం అత్యాశ. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు పీజీలో ఇన్‌సర్వీస్ కోటా కోసం రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. రెగ్యులర్ ఉద్యోగులకే పైచదువుపై అంత ఆరాటముంటే, కాంట్రాక్టు వైద్యుల సంగతి చెప్పనక్కరలేదు.

డాక్టరు మారితే రోగికి వచ్చే నష్టమేమిటి? జలుబుకైతే ఏమీ లేదు. కానీ నగరాల వ్యాధులు మారిపోయాయి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారు 10 కోట్లకు పైమాటే. మధుమేహానికి, రక్తపోటుకు మందుబిళ్ల ఒక్కటే చికిత్స కాదు. ఆ మనిషి ఏమి తింటాడో, రాత్రి డ్యూటీ చేస్తాడో లేదో, నెల మధ్యలో మందు ఎందుకు మానేశాడో తెలిసినవాడే సరైన వైద్యం చేయగలడు. ఒకప్పుడు పేటకొక డాక్టరు ఉండేవాడు. కాంపౌండరు సీసాకు కాగితపు గీతలు అంటించి ఎర్ర మందు ఇచ్చేవాడు. ఆ మందు మహిమ ఎంతో గాని, మూడు తరాల కుటుంబం ఆ డాక్టరుకు నోటికి వచ్చేది. నేడు ఆ స్థానంలో ఒకవైపు కార్పొరేట్ ఆసుపత్రులు, మరొకవైపు అర్హత లేని వైద్యులు పాతుకుపోయారు.

సమయం కూడా వైద్యంలో భాగమే. 67 దేశాల సమాచారాన్ని పరిశీలించి 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, ప్రాథమిక వైద్యంలో డాక్టరు రోగికి ఇచ్చే సగటు సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు దాటితే, భారత్‌లో రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. బంగ్లాదేశ్‌లో ఒక నిమిషం కూడా లేదు. మొహల్లా క్లినిక్‌ల వైద్యులకు మొదట రోగికి 30 రూపాయలు, తరువాత 40 రూపాయల చొప్పున చెల్లించారు. తల లెక్కన చెల్లింపు ఉన్నచోట త్వరగా పంపించడమే లాభసాటి అవుతుంది. ఈ విషయంలో నెలజీతమిచ్చే హైదరాబాదు పద్ధతే మేలు. కానీ ఒక్క డాక్టరే ఉన్న దవాఖానాలో ఆయన సెలవు పెడితే ఆ రోజుకు వైద్యమే లేదు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు అన్న వేళలు అడ్డాకూలీకి, ఇళ్లలో పనిచేసే మహిళకు ఏమాత్రం కుదరవు. రోజుకూలి వదులుకోలేక వారు చీకటి పడ్డాక వీధి చివర వైద్యుని వద్దకే వెళతారు. అలాగని ఉన్న ఒక్క డాక్టరునే రాత్రి దాకా కూర్చోమనడమూ న్యాయం కాదు, రెండో పూటకు రెండో డాక్టరు కావాలి. భద్రత మాట సరేసరి. వైద్య సిబ్బందిపై దాడులను శిక్షార్హం చేసే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చినా, కాపలా లేని చిన్న గదిలో ఒంటరిగా పనిచేసే మహిళా డాక్టరుకు చట్టం దూరపు చుట్టమే. 2024 ఆగస్టులో కోల్‌కతా ఘటన తరువాత పెద్ద ఆసుపత్రుల భద్రతపై జరిగినంత చర్చ ఈ చిన్న దవాఖానాలపై జరగలేదు.

కుటుంబ వైద్యాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా గుర్తించడమే అసలు మందు. జాతీయ పరీక్షల మండలి ఈ విభాగంలో డీఎన్‌బీ పట్టా ఇస్తున్నది. 2017 జాతీయ ఆరోగ్య విధానమూ దీనిని ప్రోత్సహించాలన్నది. అయినా మన వైద్య కళాశాలలలో ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ సీట్లు బహు స్వల్పం. బస్తీ దవాఖానాలను ఈ చదువుకు శిక్షణ కేంద్రాలుగా మార్చి, అక్కడ గడిపిన ఏళ్లకు పీజీ ప్రవేశంలో విలువ కట్టితే, నేడు దవాఖానా విడిచి వెళ్లడానికి కారణమైన చదువే అక్కడ నిలవడానికి కారణమవుతుంది.

ఇక నిధులు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. నగరాలలో ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలకూ అందులో వాటా ఉన్నది. కానీ ఆ సిఫారసు 2025-26 ఆర్థిక సంవత్సరం వరకే. గడువున్న గ్రాంటుతో గది కట్టవచ్చు, పరికరం కొనవచ్చు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆశించే డాక్టరు జీతం మాత్రం రాష్ట్ర బడ్జెట్‌లో శాశ్వత పద్దుగా కనిపించాలి. రానున్న బడ్జెట్లలో కొత్త దవాఖానాల సంఖ్య కంటె ముందుగా వెదకవలసిన అంకె అదే.