ఏడాది కాంట్రాక్టు ఏడాదితో అయిపోదు

"రష్యా మిలిటరీలో హెల్పర్ పనంట, ఏడాది కాంట్రాక్టంట. అయిపోయాక వచ్చేయొచ్చు గదా?" క్యాంపుల నుంచి మాకు వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి. అడిగేవాళ్ళను మేము తప్పుపట్టం. వెయ్యి, పన్నెండు వందల దిర్హాముల జీతంలో మెస్సు ఖర్చు పోను, ఊళ్ళో అప్పుకు మిత్తి కట్టే మనిషికి నెలకు రెండు లక్షల రూపాయలంటే చెవి అటు తిరుగుతుంది. కానీ జవాబు సూటిగా చెప్పాలి. ఏడాది అయింది కదా అని రానివ్వరు.

మనకు తెలిసింది ఇక్కడి లేబర్ కాంట్రాక్టు. నచ్చకపోతే నోటీసు ఇస్తాం. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం ఆ నోటీసు 30 రోజులకు తగ్గకూడదు, 90 రోజులకు మించకూడదు. పని ముగిసిన 14 రోజుల్లో కంపెనీ లెక్క తేల్చాలి. తేల్చకపోతే లేబర్ మినిస్ట్రీలో కంప్లయింట్ ఇస్తాం. కంపెనీ ఎంత మొండిదైనా పేచీ చివరికి డబ్బు దగ్గరే ఉంటుంది. నోటీసు ఇచ్చి పని మానేసినవాణ్ణి ఎవరూ జైల్లో వేయరు.

సైన్యం కాంట్రాక్టు ఆ జాతిది కాదు. 2022 సెప్టెంబరు 21న రష్యా అధ్యక్షుడు పుతిన్ సైనిక సమీకరణ ప్రకటిస్తూ ఒక ఉత్తర్వు ఇచ్చారు. సైనికుల కాంట్రాక్టులు ఆ సమీకరణ కాలం ముగిసేదాకా అమల్లోనే ఉంటాయని అందులో ఉంది. మధ్యలో విడుదల చేయడానికి చూపిన కారణాలు మూడే: వయసు పరిమితి దాటడం, ఆరోగ్యం బాగాలేక సైన్యానికి పనికిరాడని వైద్య బోర్డు తేల్చడం, కోర్టు జైలుశిక్ష వేయడం. జీతం ఇవ్వలేదు, చెప్పిన పని ఇది కాదు, నాకు రష్యన్ చదవరాదు అన్నవి ఆ మూడింట్లో లేవు. పోనీ పారిపోదామా అంటే, అదే నెలలో శిక్షలు కూడా పెంచారు. సమీకరణ కాలంలో సైన్యం వదిలి పారిపోతే 15 ఏళ్ళ దాకా జైలు. ఇక్కడ కల్లివల్లి అయినవాడికి 2024లో వచ్చినట్టు మళ్ళీ ఆమ్నెస్టీ వస్తుందని ఆశ ఉంటుంది. యుద్ధం జరిగే చోట కల్లివల్లి కావడం వేరు సంగతి.

ఇది ఎక్కడో ఎవరికో జరిగిన కథ కాదు. 2023లో దుబాయి నుంచి నడిచిన ఒక యూట్యూబ్ చానల్ మాటలు నమ్మి మనవాళ్ళు కొందరు మాస్కో విమానం ఎక్కారు. కొందరి ఇళ్ళవాళ్ళు ఏజెంట్లకు మూడు లక్షలు కట్టామన్నారు. దిగాక చేతికి రష్యన్‌లో కాగితాలు, ఆ తర్వాత కొద్దిరోజుల శిక్షణ, ఆపైన సరిహద్దు. అలా వెళ్ళిన హైదరాబాద్ యువకుడొకరు చనిపోయాడని 2024 మార్చి 6న మాస్కోలోని మన ఎంబసీ ప్రకటించింది. ఆ వారంలోనే సీబీఐ కేసు బయటపడింది. నారాయణపేట యువకుడొకరు, కలబురగి వాళ్ళు ముగ్గురు 2024 సెప్టెంబరులో ప్రాణాలతో ఇల్లు చేరారు.

వాళ్ళు ఎట్లా బయటపడ్డారు? కాంట్రాక్టు గడువు తీరి మాత్రం కాదు. 2024 జులైలో ప్రధాని మోదీ మాస్కో వెళ్ళి పుతిన్‌తో మాట్లాడాక విడుదలలు కదిలాయి. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: చేరినవారు 126, తిరిగొచ్చినవారు 96, చనిపోయినవారు 12, జాడ తెలియనివారు 16. ఏప్రిల్ 2024 నుంచి భారతీయులను చేర్చుకోవడం ఆపామని రష్యా ఎంబసీ చెప్పింది. అయినా 2025 సెప్టెంబరులో మన ప్రభుత్వం ఇంకోసారి హెచ్చరించాల్సి వచ్చింది. అంటే ఏజెంటు పని ఆగలేదన్నమాట.

"ఆశకు పోయారు, అనుభవించారు" అనే మాట మేము ఒప్పుకోం. ఆశ లేనివాడు గల్ఫుకే రాడు. ప్రశ్న అడగాల్సింది వేరేచోట. ఇండియాలో ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాడు యూఏఈకి పనికి రావాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఆ నిబంధన ఉన్న 18 దేశాల్లో రష్యా లేదు. ఇక దుబాయి నుంచి విజిట్ వీసా మీద పోయేవాణ్ణి ఆపి అడిగే నాథుడే లేడు. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగల ఫీజు ముప్పై వేల రూపాయలు, దానిపైన జీఎస్టీ. మూడు లక్షలు అడిగాడంటేనే వాడి సంగతి తెలిసిపోవాలి. ఇంగ్లీషులో వచ్చే హెచ్చరిక సోనాపూర్ గదిలోని బంకు మంచం దాకా రాదు. కాన్సులేటు దాన్ని తెలుగులో అచ్చువేసి క్యాంపు నోటీసు బోర్డుల మీద అంటించాలి. సీబీఐ కేసు ఎంతదాకా వచ్చిందో, కట్టిన డబ్బు తిరిగి వస్తుందో రాదో కుటుంబాలకు చెప్పాలి. ఇవేమీ పెద్ద కోరికలు కావు.

ఇప్పటికే ఎవరైనా వెళ్ళి ఉంటే గడువు తీరేదాకా ఆగవద్దు. విడుదల రెండు ప్రభుత్వాల మధ్య మాటలతో జరుగుతోంది కాబట్టి పేరు లిస్టులో ముందు పడాలి. పాస్‌పోర్టు కాపీ, కాంట్రాక్టు ఫోటో, చివరిసారి ఫోన్‌లో ఎక్కడున్నానన్నాడో ఆ వివరం, ఇవన్నీ పెట్టి ఇంటివాళ్ళు మాస్కో ఎంబసీకి రాయాలి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయాలి. ఇక్కడి వీసా సంగతీ మరచిపోవద్దు. ఆరు నెలలు దాటి బయట ఉంటే మామూలుగా రెసిడెన్సీ పోతుంది, తిరిగి వద్దామన్నా రానివ్వరు.

వెళ్ళాలా వద్దా అని ఊగుతున్నవాళ్ళు దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరులో ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు కాదు. కాంట్రాక్టు చూపించేది మాస్కోలో దిగాకే కాబట్టి, ఏజెంటు విజిట్ వీసా కాపీ వాట్సాప్‌లో పంపిన రోజే చేయండి.